మా మామ్మ ఎక్కిన కొండ

మొన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. మా మనవరాలు ఫోను పట్టుకుని వచ్చి నా మంచం మీద కూలబడింది. రాజమండ్రిలో ఇంజనీరింగు చదువుతూ, పక్కన జపాను భాష కూడా నేర్చుకుంటోంది. వాళ్ళ మేడమ్ ఏదో వీడియో చూసి దాని మీద నాలుగు ముక్కలు రాసుకు రమ్మన్నారట.

"అమ్మమ్మా, చూడు ఎంత బాగుందో" అని ఫోను నా ముందు పెట్టింది.

ఆకాశానికంటిన చెట్లు. వాటి మధ్య పాచి పట్టిన రాతిమెట్లు. తెల్లబట్టలు కట్టుకున్నవాళ్ళు బారులు తీరి ఎక్కుతున్నారు. ముందు నడిచే ఆయన శంఖం ఊదుతున్నాడు.

"జపానులో అక్కడివాళ్ళకి ఆ కొండే దేవుడట. చెట్టు మీద గొడ్డలి వెయ్యరు. ఒకచోటైతే పైన ఏం చూశారో కిందికొచ్చి ఎవరికీ చెప్పకూడదట. ఒకప్పుడు ఆడవాళ్ళని పైదాకా ఎక్కనిచ్చేవాళ్ళు కాదట. కింద బస చేసే ఇళ్ళలో పెట్టే భోజనం కూడా ఆ కొండ మీద ఏరుకొచ్చిన ఆకులూ, వెదురు మొలకలూనే."

"ఎక్కేముందు ఫలానాది తినకూడదని కట్టుబాటు ఏమైనా ఉందా?" అని అడిగాను.

"ఉందట. నీకెలా తెలుసు?" అని లేచి కూర్చుంది.

నాకు తెలియదు. ఊహించానంతే. కానీ అలాంటి కొండ ఒకటి నేనూ ఎక్కాను. ఎక్కినప్పుడు నాకు పదేళ్ళు.

మా పుట్టిల్లు జంగారెడ్డిగూడెంలో. తాతయ్యది కొండ సరుకు కొట్టు. చింతపండు, కుంకుడుకాయలు, శీకాయ, అడ్డాకులు, కొండచీపుర్లు. ఇంటి ముందు భాగమే కొట్టు కాబట్టి మా ఇంట్లో అన్నం కూడా కాస్త చింతపండు వాసన వేసేది. తేనె డబ్బాల గది తాళం మామ్మ బొడ్లో ఉండేది. ఆ తలుపు కింద సందులోంచి కొబ్బరీనె దూర్చి, కారిన తేనె అంటించుకుని నాకడం నేను కనిపెట్టిన విద్య. ఓసారి ఈనెతోపాటు గండుచీమ కూడా నోట్లోకి వచ్చింది. నాలుక వాచింది. ఏమైందంటే పచ్చిమిరపకాయ కొరికానని చెప్పాను. మామ్మ నమ్మలేదుగానీ, తలుపు కింద గోనెపట్టా కుక్కింది.

ఏటా చలికాలం చివర్లో చీపురుకట్టల మోపు నెత్తిన పెట్టుకుని కొండమీద నుంచి ఒకావిడ వచ్చేది. పిల్లలం ఆవిణ్ణి చీపుర్ల అవ్వ అనేవాళ్ళం. మామ్మ ఈడుదే. మెడనిండా పూసలు, ముక్కుకి రెండు పక్కలా పోగులు. మోపు దింపి అరుగు కింద మెట్టు మీద కూర్చునేది. చూరులో బోర్లించిన సత్తుగ్లాసు ఒకటి ఆవిడ కోసమే ఉండేది. ఆవిడ తనే తీసుకుని పట్టుకుంటే, మామ్మ పైనుంచి, తగలకుండా కాఫీ పోసేది. తాగి, కడిగి, మళ్ళీ చూరులో పెట్టి వెళ్ళేది. ఆ రోజుల్లో అది ఎవరికీ తప్పుగా తోచలేదు. నాకూ తోచలేదు.

నిజానికి ఆవిడ మా ఇంటికి చేసిన మేలు చిన్నది కాదు. నేను పుట్టకముందు మా నాన్న చింతపండు బేరానికి కొండ మీదికి వెళ్ళి, మన్యం జ్వరంతో తెలివితప్పి పడిపోయాడట. అవ్వ తన పాకలో పడుకోబెట్టుకుని మూడు రోజులు కనిపెట్టుకుని ఉండి, కాస్త కుదుటపడ్డాక నలుగురు మగవాళ్ళ చేత మంచం మీద గోదారి ఒడ్డుకి మోయించింది. నాన్న బతికి ఇంటికి వచ్చిన రోజున మామ్మ మొక్కుకుంది, ఆ కొండ ఎక్కి దండం పెట్టుకుంటానని.

మొక్కుకున్నదేగానీ ఎక్కలేదు. ఎలా ఎక్కుతుంది? మామ్మకి మడి ఎక్కువ. చుట్టాల ఇళ్ళలో కూడా మంచినీళ్ళు ముట్టేది కాదు. ఎక్కడికి వెళ్ళినా తన మరచెంబు తనకే. ఇవాళ రేపు అంటూ పన్నెండేళ్ళు గడిచాయి. ఆ వేసవిలో ఒకరోజు అరుగు దిగుతూ గోడ పట్టుకుని ఆగిపోయింది. మోకాళ్ళు.

"ఏవండీ, ఈ ఏడు ఎక్కకపోతే ఇంక ఎక్కలేను" అంది తాతయ్యతో.

"ఏంటి నీ గోల? దండం పెట్టుకోడానికి పట్టిసీమ వీరభద్రుడు చాలడా? హాయిగా పడవెక్కి దిగితే గుడి."

"వీరభద్రుడు నా కొడుకుని మోసుకురాలేదండీ" అనేసి, వెంటనే లెంపలేసుకుంది.

నాన్న కల్పించుకుని "వెళ్ళనివ్వండి నాన్నా" అన్నాడు. బళ్ళకి సెలవులిచ్చారు కనక తోడుగా నన్ను పంపారు. అవ్వకి కబురు వెళ్ళింది.

పోలవరం రేవులో లాంచీ ఎక్కాం. డీజిలు వాసన, కోళ్ళగంపలు, మరమరాల మూటలు. మామ్మ ఓ మూల చాప పరిచి, చుట్టూ ఎవరూ తగలకుండా సంచులు పేర్చి, మధ్యలో రాణిలా కూర్చుంది. పొద్దున్నే పెరుగన్నం తినేశాం. రెండు రోజులకి సరిపడా మామిడికాయ పులిహోర పెద్ద డబ్బానిండా ఉంది. అది కాక నా సొంత సరుకు ఒకటి ఉంది. పెరట్లో కోసి, ఉప్పూ కారం అద్దిన మామిడి ముక్కలు నాలుగు, కాగితంలో చుట్టి పరికిణీ బొడ్లో దోపుకున్నాను. ఒకటి లాంచీలోనే అయిపోయింది.

పైకి వెళ్ళేకొద్దీ గోదావరి సన్నబడింది. రెండు పక్కలా కొండలు దగ్గరికి వచ్చి మీద పడతాయేమో అన్నట్టు నిలబడ్డాయి. నీళ్ళు నల్లగా, చల్లగా, చప్పుడు లేకుండా ఉన్నాయి. అంతదాకా లాంచీ నడిపే సరంగుతో పోట్లాడుతున్న వాళ్ళు కూడా అక్కడ గొంతు తగ్గించారు.

మమ్మల్ని ఒక ఇసుక తిన్నె మీద దింపి లాంచీ వెళ్ళిపోయింది. అవ్వ అక్కడే ఉంది. మామ్మ సంచి అందుకోబోయి, ఆగి, ముక్కు ఎగబీల్చింది.

"షావుకారమ్మా, ఏం తెచ్చావు ఇందులో?"

"పులిహోర. మా ఇద్దరికే. నీకేం శ్రమ ఉండదులే."

"మామిడికాయదా?"

"అవును, పుల్లటి కాయ. ఏం?"

అవ్వ రెండడుగులు వెనక్కి వేసింది. "మాకింకా మామిడి కొత్త కాలేదమ్మా. కొత్త సేసి, నేలతల్లికి ముందు పెట్టిందాకా మేం కాయ కొయ్యం, తినం. కొండ మీదికి తేకూడదు."

"మేం తింటే మీకేంటే?"

"కింద మీ ఊళ్ళో తింటే మీ ఇట్టం. ఇక్కణ్ణించి కొండది."

మామ్మ డబ్బా వంక చూసింది, కొండ వంక చూసింది. లాంచీ మలుపు తిరిగిపోయింది. వేరే తిండి, రెండు అరటిపళ్ళు తప్ప, లేదు. కాసేపటికి గట్టుకి వెళ్ళి, బంగారంలాంటి పులిహోర అంతా గుప్పెడు గుప్పెడు గోదాట్లో వేసింది. చేపలు ఎగబడ్డాయి. "తినండి, మీకెవరూ అడ్డంలేరు" అంది వాటితో.

"పోయినేటి ఆవకాయ ఉంది. అది కూడానా?"

అవ్వ కాసేపు ఆలోచించి, "పోయినేటిది పోయినేడే కొత్తైపోయింది. తెచ్చుకో" అంది.

నేను బొడ్లో చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. ఇప్పుడే చెప్పేద్దామనుకున్నాను. ఆ కారం, ఆ పులుపు నాలుక మీద మెదిలింది. చెప్పలేదు.

ఊరంటే పదిహేను వెదురు పాకలు. చెట్టు చెట్టు కిందా రాలిన ఇప్పపూలు, ఊరంతా మత్తుగా తియ్యటి వాసన. అవ్వ మా కోసం పాక అలికి, కొత్త చాప పరిచి, తను బయట పడుకుంది. నాకు జీడిగింజలు కాల్చి పెట్టింది. అవి తిని నేను నిద్రపోయాను. మామ్మ అరటిపండు ఒకటి తిని, రెండోది నాకు దాచి, మరచెంబు నీళ్ళతో కడుపు నింపుకుంది.

తెల్లవారగానే బయల్దేరాం. చెప్పులు ఊళ్ళోనే వదిలెయ్యాలి. కొమ్మ విరవకూడదు. ఒకళ్ళనొకళ్ళు పేరు పెట్టి కేకెయ్యకూడదు. అవ్వ ముందు నడుస్తూ, మధ్యలో మామ్మకి ఊతకర్ర కోసం వెదురు కొట్టాల్సి వస్తే, ముందు ఆ పొదతో ఏదో మాట్లాడి, అప్పుడు కత్తి తీసింది.

"దేన్నడిగావు?" అన్నాను.

"దాన్నే. నీ కాలో సెయ్యో తీసుకెళ్ళేవాడు నిన్నడగొద్దా?"

సగం కొండ దాకా బాగానే ఎక్కాం. అక్కడ ఒక పెద్ద బండ పక్కన మామ్మ ఆగి, కర్ర వదిలేసి, అలాగే కూలబడింది. మొహం పాలిపోయింది. నుదుటి మీద చెమట. "ఏం లేదే, కళ్ళు తిరుగుతున్నాయి" అని బండకి తల ఆనించి కళ్ళు మూసుకుంది.

బొడ్లో మామిడి ముక్కలు నిప్పుల్లా తగిలాయి. నా వల్లే. నేను దొంగతనంగా తెచ్చినందుకు కొండ మా మామ్మని పట్టుకుంది. పొట్లం బయటికి లాగి అవ్వ ముందు పడేసి ఏడుపు లంకించుకున్నాను.

"నేనే తెచ్చాను. నిన్న చెప్పలేదు. ఒకటి లాంచీలో తిన్నాను, మూడే ఉన్నాయి."

అవ్వ పొట్లం వైపు చూసింది. కోపగించుకోలేదు. "నాకు సెప్పి ఏం లాబం? కొండకి సెప్పుకో."

నేను చేతులు జోడించి, ఎటు చూడాలో తెలియక చెట్లవైపు తిరిగి, గట్టిగా అన్నాను. "తప్పైపోయింది. ఇంకెప్పుడూ తేను. మా మామ్మనేం చెయ్యొద్దు."

ఎక్కడో ఏదో పిట్ట అరిచింది. అవ్వ తల ఊపింది. "ఇన్నాదిలే."

అంతలో వెనక నుంచి సన్నగా మామ్మ గొంతు. "మామిడి ముక్కలు బొడ్లో పెట్టుకుని కొండెక్కావా? నా పులిహోరేమో చేపల పాలు, నీ ముక్కలేమో భద్రం! దొంగ పీనుగా, ఇంటికి రా, నీ పని చెబుతా."

ఆ తిట్టు విని నాకు ప్రాణం లేచివచ్చింది.

అవ్వ ముక్కల్ని ఓ రాతి కింద పెట్టి, మామ్మ ఎదురుగా కూర్చుంది. "కొండేం సెయ్యలేదు షావుకారమ్మా. ఆకలి సేసింది. నిన్నట్నించీ నువ్వేం తిన్నావు?" అని, భుజాన వేలాడే ఆనపబుర్ర దింపింది. అడ్డాకుతో దొప్ప కుట్టి అందులో చోడి అంబలి, అదే రాగి జావ, పోసింది. కాస్త పులిసిన వాసన. దొప్ప చాచి పట్టుకుంది.

మామ్మ తీసుకోలేదు. దొప్ప వంకే చూస్తోంది. నేను మామ్మ మొహం వంక చూస్తున్నాను. చుట్టాల ఇంట్లో నీళ్ళు ముట్టని మనిషి.

"తాగకపోతే దిగిపోదాం" అంది అవ్వ. "కొండేం అనుకోదు. నేనూ ఏం అనుకోను. నీ పద్దతి నాకు తెల్దా?"

మామ్మ అడిగింది. "మా వాడికి, అప్పుడు, ఏం పెట్టావు?"

"ఇదే. పల్లు కరుసుకుపోతే సెంచా దూరక, ఏలితో తడిపి నాలిక్కి రాసేదాన్ని. మూడ్రోజులు. మూడోనాడు దొప్పడు తాగి, ఇంకా కావాలన్నాడు."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"నువ్వడగలేదుగా అమ్మా."

మామ్మ దొప్ప అందుకుంది. రెండు చేతులతో పట్టుకుని, ఆకు అంచు పెదవులకి ఆనించి, ఎత్తి పోసుకోకుండా, గుటక గుటకగా తాగింది. కళ్ళలోంచి నీళ్ళు గడ్డం మీదికి కారాయి. తుడుచుకోలేదు. తాగి, ఖాళీ దొప్ప మళ్ళీ చాచింది.

"ఇంకొంచెం పొయ్యి. ఉప్పు తక్కువైందే నీ అంబలికి."

"కొండ మీద ఉప్పెక్కడిదమ్మా? మీ కొట్లోంచే రావాల" అంది అవ్వ. ఇద్దరూ నవ్వారు. వాళ్ళిద్దరూ కలిసి నవ్వడం నేను అదే మొదటిసారి చూశాను.

పైకి చేరేసరికి బారెడు పొద్దెక్కింది. గుడి ఉంటుందనుకున్నాను. లేదు. విగ్రహం లేదు. ఒక చదును బండ, దాని సందులోంచి చేతి వెడల్పున ఊట, పసుపు రాసిన నాలుగు రాళ్ళు. అంతే.

మామ్మ మొక్కు కోసం తెచ్చిన కొబ్బరికాయ పట్టుకుని చుట్టూ వెతికింది. "దేవుడేడే?"

"ఇంతసేపూ ఎక్కొచ్చింది ఎవర్నమ్మా?" అంది అవ్వ.

మామ్మ గబుక్కున కాళ్ళకేసి చూసుకుంది. అంతసేపూ తొక్కుకుంటూ వచ్చానే అన్నట్టు. ఆ వెంటనే అక్కడే సాగిలపడింది. కింద ఎక్కడో గోదావరి, రెండు కొండల సందులో వంపు తిరిగి, వెండి మొలతాడులా మెరుస్తోంది. గాలి తప్ప చప్పుడు లేదు. మామ్మ లేచాక కూడా చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మా మామ్మ అంతసేపు మాట్లాడకుండా ఉండటం ఇంట్లో చెబితే ఎవరూ నమ్మలేదు.

మరునాడు లాంచీ వస్తే మామ్మ ఎక్కలేదు. ఇంకో నాలుగు రోజుల్లో మామిడి కొత్త చేస్తారట, చూసి వస్తానని సరంగుతో కబురు పంపింది. తిరుగు లాంచీలో తాతయ్య జవాబు వచ్చింది. "మీ మామ్మకి కొండదయ్యం పట్టింది. వదిలాక రమ్మను." దాంతోపాటు బియ్యం, నెయ్యి, అప్పడాలు. మామ్మ నవ్వుకుని, ఉప్పు కూడా పంపొచ్చుగా అంది.

ఆ నాలుగు రోజులూ నేను ఇంటిని తలుచుకోలేదు. ఊళ్ళో పిల్లలతో వాగులో పీతలు పట్టాను. వెదురు గొట్టంలో నీళ్ళు నింపి, నిద్రపోతున్న మామ్మ మెడ మీద పోశాను. జీలుగు చెట్టు కింద కల్లుకుండలో మూతి పెట్టబోయి అవ్వ చేత మొట్టికాయ తిన్నాను. మామ్మ వండుకున్న అన్నంలో పోయినేటి ఆవకాయ కలిపి ఊరి ముసలమ్మలకి ముద్దలు పంచింది. వాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ మళ్ళీ చెయ్యి చాచారు.

కొత్తల నాడు ఊరంతా ఒక్కచోట చేరింది. ఊరి పెద్ద ముందు ఒక కాయ కోసి, టెంక కత్తికి తెగకుండా గట్టిపడిందని అందరికీ చూపించాడు. "ముదరని టెంక మొలవదు తల్లీ" అని అవ్వ నా చెవిలో చెప్పింది. "ముందే తినేత్తే రేపు సెట్టేది?" మొదటి ముక్క నేలకి పెట్టారు. తరవాత ముసలివాళ్ళకి, ఆ తరవాత పిల్లలకి. ఉప్పు లేదు, కారం లేదు. మా పెరట్లో కాయ కన్నా పులుపు. నమలకుండా చప్పరిస్తూ చాలాసేపు దవడలో దాచుకున్నాను.

తరవాతి చలికాలం చీపుర్ల మోపుతో అవ్వ వచ్చింది. ఎప్పటిలాగే మెట్టు మీద కూర్చుని చూరులోకి చెయ్యి పెట్టింది. గ్లాసు లేదు. మామ్మ లోపల్నించి రెండు స్టీలుగ్లాసులతో కాఫీ తెచ్చి, ఒకటి ఆవిడ చేతికిచ్చి, మోకాళ్ళు పట్టుకుంటూ దిగి ఆ మెట్టు మీదే పక్కన కూర్చుంది. కొట్లో ఉన్న తాతయ్య తూకం ఆపి చూశారు. బజార్లో పోయేవాళ్ళూ చూశారు.

"ఏంటే ఇది?" అన్నారు తాతయ్య.

"కాఫీ అండీ" అంది మామ్మ. "మీక్కూడా కావాలా?"

తాతయ్య నన్ను పిలిచి, అవ్వ సంచిలో ఉప్పు పొట్లం వెయ్యమన్నారు.

మామ్మా అవ్వా ఇద్దరూ ఇప్పుడు లేరు. ముందు మామ్మ పోయింది. ఆ ఏడు చీపుర్లు లేకుండా ఉత్త చేతులతో వచ్చి, అవ్వ ఆ మెట్టు మీద పొద్దంతా కూర్చుని వెళ్ళింది. ఆ పాకల ఊరు కూడా లేదు. పోలవరం ప్రాజెక్టు నీళ్ళు వస్తాయని ఖాళీ చేయించి, మెట్టలో కాలనీ కట్టి ఇచ్చారు.

నిరుడు పెళ్ళికని పుట్టింటి ఊరు వెళ్ళినప్పుడు ఆ కాలనీకి ఆటో కట్టించుకుని పోయాను. ఒకే రకం ఇళ్ళు వరసగా, పక్కన పామాయిలు తోటలు. అవ్వ కూతురి కూతుర్ని వెతికి పట్టుకున్నాను. అంగన్వాడీలో పని చేస్తోందట. నేనెవరో చెబితే, "ఉప్పు తక్కువన్న షావుకారమ్మ మనవరాలా!" అని చేతులు పట్టుకుంది. ఆ కథ వాళ్ళింట్లో కూడా చెప్పుకుంటారన్నమాట.

"కొత్తకి ఇప్పుడెవరైనా కొండెక్కుతున్నారా?" అని అడిగాను.

"ఏటా ఎల్తాం అండి. పడవ మాట్లాడుకుని అందరం ఎల్తాం. పాకలున్న చోటికి నీళ్ళొచ్చినాయిగానీ, కొండ మీదికి రాలేదుగా." తరవాత నన్ను ఎగాదిగా చూసి, "మీరు రాగలరా? మోకాళ్ళు ఎలా ఉన్నాయండి?" అంది.

బాగానే ఉన్నాయని అబద్ధం చెప్పాను. ఫోను నంబరు ఇచ్చి, కొత్త చేసే రోజు కుదరగానే చెప్పమన్నాను. అప్పట్నించీ రోజూ సాయంత్రం మా డాబా మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగుతున్నాను.